ఆరు నెలల్లో ఇరవై ఏళ్ల ఆవిరి

ముందు పెళ్లి చేసేసి తరవాత జాతకాలు చూడడం మా శాఖకు కొత్త కాదు. వేప్ అనే ఆవిరి సిగరెట్టు విషయంలోనూ అదే జరిగింది. దాన్ని అమ్మినా, దాచినా నేరమని చట్టం వచ్చి ఏళ్లయింది. ఆ తరవాత ఒకనాడు రాజధానిలో ఏదో సమావేశంలో ఎవరో పెద్దమనిషి, భోజనాలకు లేవబోతూ, "ఇంతకీ అది నిజంగా హానికరమేనా? మనవాళ్లెవరైనా శాస్త్రీయంగా పరీక్షించారా?" అని అడిగాడట. అడిగినాయన భోంచేసి వెళ్లిపోయాడు. ప్రశ్న మాత్రం మినిట్స్‌లోకెక్కి, మెమోగా మారి, ఆ మెమోకి రెండు అనుబంధాలు పుట్టి, సముద్రం ఒడ్డునున్న మా సంస్థకు వచ్చి పడింది.

మా సంస్థ పేరు రాష్ట్ర ధూమ బాష్ప పరిశోధనాలయం. పేరు విని కంగారు పడకండి. పొగ గురించీ ఆవిరి గురించీ పరిశోధన చేస్తామని అర్థం. పెట్టి పంతొమ్మిదేళ్లయింది. ఇన్నేళ్లలో మేం ఖాయంగా తేల్చింది ఒక్కటే, మరింత పరిశోధన అవసరమని. నా పేరు వడ్డాది కూర్మనాథం. అక్కడ గణాంకాధికారిని, అంటే లెక్కలు వేసేవాణ్ని. నాకు నోటి దురుసు ఉందని నా సర్వీసు రిజిస్టర్‌లో రాసి ఉంది. అబద్ధమేమీ కాదు.

డైరెక్టరు డాక్టర్ మంత్రిప్రగడ శరభయ్యగారు. ఆయన మామూలు తెలుగు మాట్లాడగా నేనైతే వినలేదు. టీ కావాలన్నా "తేనీటి విషయమై తగు చర్య గైకొనుడు" అంటారు. మెమో వచ్చిన రోజే అందర్నీ తన గదికి పిలిచారు.

"ఈ అంశమును మనము సమగ్ర దృక్పథముతో, కాలబద్ధ ప్రణాళికతో ముందుకు తీసుకుపోవలసి ఉన్నది. ఈ రోజు ఆగస్టు ఒకటి. అక్టోబరు ఒకటిన ప్రయోగము ప్రారంభించి, మార్చి ముప్పై ఒకటిలోపు ఫలితము సమర్పించవలెను."

"సార్, ఒకడు వేప్ పీలిస్తే వాడి ఊపిరితిత్తులకీ నోటికీ ఏమవుతుందో తెలియాలంటే తక్కువలో తక్కువ ఇరవై ఏళ్లు చూడాలి. సిగరెట్టు సంగతి తేలడానికి అంతకన్నా ఎక్కువే పట్టింది" అన్నాను.

ఆయన కళ్లు మూసుకుని ఒక ఉపాయం చెప్పారు. "ఒక వ్యక్తిని ఇరవై సంవత్సరములు పరిశీలించుటకు బదులు, నలభై మందిని ఆరేసి మాసములు పరిశీలించినచో?"

నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. నలభై ఆర్లు రెండొందల నలభై నెలలు. సరిగ్గా ఇరవై ఏళ్లే.

"గణాంకము సరిపోయినది కదా?" అన్నారు.

"లెక్కయితే సరిపోయింది సార్" అన్నాను. నలభై మంది తలో ముద్దా తింటే ఒకడి కడుపు నిండదని అప్పుడే చెప్పాల్సింది. నా నోటి దురుసు అవసరమైన చోట ఎప్పుడూ పనిచెయ్యదు.

తరవాత నైతిక సంఘం కూర్చుంది. మనుషుల మీద పరీక్షలు చేసేటప్పుడు తప్పేదో ఒప్పేదో చెప్పే సంఘం అది. అధ్యక్షులు రిటైరైన జడ్జిగారు. ఎప్పుడూ పొగ తాగని ఆరోగ్యవంతులకు వేప్ ఇచ్చి చూద్దామని మా ప్రతిపాదన.

"వారికి హాని జరిగితే?" అన్నారు జడ్జిగారు.

"జరుగుతుందో లేదో తెలుసుకోవడానికేనండి ఈ పరీక్ష."

"తెలుసుకున్న తరవాత ఇవ్వండి" అన్నారాయన.

సరే, ఇప్పటికే వేప్ పీలుస్తున్నవాళ్లను పిలుద్దామన్నాను. చట్టం ఉండగా అలాంటివాళ్లు ఉన్నారని మన కాగితం మీద మనమే ఒప్పుకోవడం బాగుండదన్నారు. పోనీ సిగరెట్లు కాల్చేవాళ్లను తీసుకుందామంటే, వాళ్ల రొమ్ములో ఇదివరకే ఉన్న మసి దేనిదో, కొత్తగా చేరింది దేనిదో ఎలా పోలుస్తారన్నారు. ఆ మాట నిజమే. నాలుగు సమావేశాలు, నాలుగు పులిహోర భోజనాలు అయ్యాక ఒక తీర్మానం వచ్చింది. చిరకాలంగా పొగ తాగుతూ, మానాలని ఉండీ మానలేకపోతున్నవాళ్లు మాత్రమే అర్హులు. వాళ్లు పాతది మాని, ఇది పట్టాలి.

అలాంటివాళ్లు మా ఊళ్లో చేపల రేవు వెనక వీధి నిండా ఉన్నారు. అక్కడి ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు తరతరాలుగా ఉంది. అంటే చుట్ట ముట్టించి, మండే కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. సముద్రపు గాలికి చుట్ట ఆరకుండా ఉంటుందనీ, ఎక్కువసేపు నిలుస్తుందనీ అంటారు. నిప్పు నోట్లో పెట్టుకునే బేరమాడతారు, తిడతారు, నవ్వుతారు కూడా.

అందరికన్నా ముందు వచ్చిన మనిషి మైలపల్లి పోలమ్మ. అరవై దాటి ఉంటుంది. చేపలమ్ముకునే మనిషి. నా బల్ల ముందుకొచ్చి, చెప్పకుండానే నోరు తెరిచి చూపించింది.

"నా అంగిట్లో తెల్లమచ్చ లేసినాది బాబూ. పళ్ల డాట్రమ్మ సూసి, సుట్ట మానకపోతే అంగిలి కోసీవలసొస్తాదని సెప్పినాది. అంగిలి కోసీస్తే నానేటి తింటాను, ఎలాగ కేకేస్తాను? కేకెయ్యకపోతే నా సేపలెవులు కొంటారు?"

"చుట్ట మానెయ్యకూడదామ్మా?"

"మీరు టీ మానీండి, నాను సుట్ట మానెత్తాను" అంది. నేను అప్పటికి మూడో టీ తాగుతున్నాను. "పన్నెండో ఏట మాయమ్మ నేర్పినాది. సెయ్యి ఊరుకోదు బాబూ. ఈ కరెంటు సుట్టతో నా నోరు బాగవుద్దా? అదొక్కటీ సెప్పండి సాలు."

"అది తెలుసుకోడానికే పరీక్ష" అన్నాను. ఆమె తృప్తిగా తలూపి వేలిముద్ర వేసింది. ఆమె వెనకే ముప్పై తొమ్మిది మంది వేశారు.

ఇక పరికరాలు కావాలి. రేవులో ఒక ఓడ నుంచి పట్టుకున్న పెట్టెడు వేపులుంటే, ప్రత్యేక అనుమతి మీద నలభై మాకు ఇప్పించారు. మా స్టోర్స్ సూపరింటెండెంటు జగ్గునాయుడు వాటిని లోపలికి రానివ్వలేదు.

"నిలవ ఎట్టడం నేరమని చట్టంలో ఉంది సార్. పరీక్ష చేసుకోడానికి అనుమతొచ్చింది గానీ, నిలవెట్టుకోడానికి రాలేదు. రేపు ఆడిట్టులో నన్నడుగుతారు, మిమ్మల్ని కాదు."

డైరెక్టరుగారు చట్టం తెప్పించి చదివారు. ఒకచోట ఉంచితేనే నిలవ, కదులుతూ ఉంటే నిలవ కాదని వ్యాఖ్యానం చేశారు. ఆ ప్రకారం వేపుల పెట్టెను జీపులో పెట్టారు. పరీక్ష సమయం తప్ప తక్కిన వేళంతా ఆ జీపు మా ఆవరణ చుట్టూ నెమ్మదిగా తిరుగుతూ ఉండేది. డ్రైవర్లు ముగ్గురు వంతులవారీగా పనిచేశారు.

పీల్చడానికి చోటు ఇంకో చిక్కు. మా భవనం మొత్తం ధూమరహిత ప్రాంతం. వరండాలోనే పదకొండు చోట్ల 'పొగ తాగరాదు' అని రాసి ఉంది. దానికి డైరెక్టరుగారు ఒక ఉత్తర్వు ఇచ్చారు: "పదిహేడవ నంబరు గది భవనము లోపల ఉన్నప్పటికినీ, ఈ పరిశోధన నిమిత్తము భవనము వెలుపల ఉన్నట్లుగా భావింపబడును." ఆ రోజు నుంచి పదిహేడో గదిలోకి వెళ్లాలంటే గేటు దగ్గర బయటికి వెళుతున్నట్టు రాయాలి. వస్తే లోపలికి వచ్చినట్టు రాయాలి.

నలభైలో ఇరవై అసలువి, ఇరవై ఉత్త నీటి ఆవిరివి. ఏది ఎవరికి ఇచ్చామో పీల్చేవాళ్లకూ తెలియకూడదు, పరీక్షించేవాళ్లకూ తెలియకూడదు. అది శాస్త్రం. దాన్ని నేనూ ఒప్పుకుంటాను. డైరెక్టరుగారు అక్కడితో ఆగలేదు. ఇద్దరికి తెలియకపోతేనే పరిశోధనకు అంత విలువ ఉంటే, ఎవరికీ తెలియకపోతే ఎంత విలువ ఉంటుందన్నారు. ఏ నంబరు అసలుదో రాసిన కాగితాన్ని మొదట బీరువాలో పెట్టారు. తరవాత బీరువా తాళాన్ని ఇంకో బీరువాలో పెట్టారు. గోప్యత ఇంకా చాలలేదనిపించి, నవంబరులో ఆ కాగితాన్ని అందరి సమక్షంలో చింపించి సంతకాలు తీసుకున్నారు.

ఆవిరి ఎంత వస్తోందో కంటితో చూస్తే ఏది అసలో ఏది ఉత్తదో నేను పోల్చేస్తానని, పదిహేడో గదిలో అడ్డంగా నల్లటి తెర కట్టించారు. అటు పీల్చేవాళ్లు, ఇటు రిజిస్టరుతో నేను. చేసి చూపిద్దామంటే వీల్లేదు. ఉద్యోగి ఆఫీసులో వేప్ నోట్లో పెడితే ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు. అందుకని వాడే విధానం రాతలో ఇచ్చారు. డైరెక్టరుగారు స్వయంగా రాసింది. ఒక్క వాక్యం మచ్చుకు చెబుతాను.

"ప్రయోక్త, సదరు ఉపకరణము యొక్క ప్రకాశితాగ్రమునకు ప్రతిలోమ దిశయందలి రంధ్రమును ఓష్ఠద్వయ మధ్యస్థము గావించి, బాష్పమును అంతఃశ్వసింపవలెను."

దీన్ని నలభై మందికీ గట్టిగా చదివి వినిపించింది నేనే. కొంచెం తేలిక మాటల్లో చెబుతానంటే, "సరళీకరించినచో శాస్త్రీయత లోపించును" అన్నారు. చదవడం అయ్యాక పోలమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఏదో మంత్రం అనుకుని ఉంటుంది. పక్కనున్నవాళ్లూ పెట్టారు. అందరికీ అర్థమైనట్టు నమోదు చేశాం.

పరీక్ష మొదలైంది. ఊపిరి బలం చూసే ఊదుడు యంత్రం మాకు ఒక్కటే ఉంది. మనిషికి పది నిమిషాలు. మనిషికీ మనిషికీ తేడా రాకూడదని అందరూ పొద్దున్న పదికి వచ్చి వేలిముద్ర వెయ్యాలి, సాయంత్రం ఐదుకి మళ్లీ వేసి వెళ్లాలి. మధ్యలో గేటు దాటితే ఆ రోజు చెల్లదు. ఇరవై ఏళ్లలో ఒక్క రోజు తగ్గినా ఒప్పుకోనని డైరెక్టరుగారనడంతో ఆదివారాలూ పండగలూ కూడా కలిపారు. పోలమ్మ వాళ్లు తెల్లవారగట్ల రేవులో చేపలు కొని, ఎండెక్కేలోపు అమ్మేసి, తట్టలు గేటు దగ్గర బోర్లించి వచ్చేవారు. వరండాలో పొడుగాటి బల్లల మీద వరసగా కూర్చునేవారు. మధ్యాహ్నం పులిహోర పొట్లం ఇచ్చేవాళ్లం. ఆదివారాలు కూడా రావలసి వచ్చినందుకు నేను డైరెక్టర్ని మనసులో తిట్టుకోని రోజు లేదు.

వంతు వచ్చినప్పుడు ఒక్కొక్కరే పదిహేడో గదిలోకి వెళ్లి తెరకు అటు కూర్చునేవారు. మీట నొక్కిన టక్కుమనే చప్పుడు వినబడేది. తరవాత, "ఒకటి... రెండు..." అని లెక్క, చివర "పది. అయిపోనాది బాబూ." నేను రాసుకునేవాణ్ని. ఏ వాసనా వచ్చేది కాదు, ఏ ఆవిరీ తెర దాటేది కాదు. తెర బాగా పనిచేస్తోందని అనుకున్నాను. జగ్గునాయుడైతే మరీ సంతోషించాడు. వేపుల్లో పొయ్యడానికి ఇచ్చిన ద్రావకం బుడ్లు నాలుగు నెలలైనా మూత తియ్యకుండా ఉన్నాయట. ఇంత పొదుపుగా నడిచిన ప్రాజెక్టు తన సర్వీసులో చూడలేదన్నాడు. దాని మీద అతనికి ప్రశంసాపత్రం వచ్చింది.

సోమవారం సోమవారం పోలమ్మ నన్ను ఒకే ప్రశ్న అడిగేది.

"నా నోరు బాగవుతోందేటి బాబూ?"

"నాకు తెలియకూడదమ్మా."

"పోనీ డయిరెక్టరు బాబుకి తెల్సా?"

"ఆయనకీ తెలియకూడదు."

"మరెవులికి తెల్సును?"

"ఎవరికీ తెలియకూడదు. అదే పద్ధతి."

ఆమె నన్ను కొంచెం జాలిగా చూసింది. "ఇంతమంది సదూకున్నారు, ఒక్కలికీ తెలీకుండా ఎంత కష్టపడి నడుపుతున్నారో" అంది. ఆ మాట ఎత్తిపొడుపో మెచ్చుకోలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఫిబ్రవరి చివర్లో పళ్ల డాక్టరు హైమవతిగారు వచ్చి నలభై నోళ్లూ చూశారు. మొదట్లో చూసిందీ ఆవిడే. నా దగ్గరికి వచ్చి కుర్చీలో కూర్చుని, "కూర్మనాథంగారూ, ఇది నేను నమ్మలేకపోతున్నాను. ముప్పై ఆరు మందికి తెల్లమచ్చలు తగ్గుముఖం పట్టాయి. పోలమ్మకి సగం పోయింది" అన్నారు. నాకూ నమ్మబుద్ధి కాలేదు. అయినా పోలమ్మ సంగతి విని లోపల సంతోషమేసింది. అది ఇక్కడ ఒప్పుకోవాలి.

డైరెక్టరుగారి ఆనందానికి మేర లేకపోయింది. ఆ సాయంత్రమే మధ్యంతర నివేదిక వెళ్లింది. "ఇరవై సంవత్సరముల సుదీర్ఘ పరిశీలనలో, వేపింగ్ హానికరము కాకపోవుటయే గాక, అంగిలికి శ్రేయస్కరమని తేలినది." మూడు రోజుల్లో రాజధాని నుంచి ఫోను. నిషేధించిన వస్తువు మేలు చేస్తుందని మీరు రాస్తే మేం ఎక్కడ తల పెట్టుకోవాలని అడిగారట. డైరెక్టరుగారు పట్టు వదల్లేదు. శాస్త్రం ఎవరికీ జడవదన్నారు. చివరికి ముగ్గురు సభ్యుల తనిఖీ సంఘం మార్చి ఇరవై ఐదున దిగింది.

సంఘం పెద్ద ప్రత్యేక ప్రధాన సలహాదారు. మాటకు ముందు దగ్గుతాడు. రిజిస్టర్లన్నీ తిరగేశాడు. వేలిముద్రలు లెక్కపెట్టించాడు. గదిలోకి వచ్చి, "తెర తీయించండి. ప్రయోగమును ప్రత్యక్షముగా వీక్షింతుము" అన్నాడు.

డైరెక్టరుగారు పోలమ్మను పిలిపించారు. ఆమె కొత్త చీర కట్టుకొచ్చింది. మీట నొక్కింది. వేప్ కొసన చిన్న దీపం ఎర్రగా వెలిగింది. ఆమె దాన్ని ఒకసారి ఊది, చులాగ్గా తిప్పి, వెలుగుతున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసింది. పీల్చే కన్నం బయట గాలిలో ఉండిపోయింది. బుగ్గలు లోపలికి పోయేట్టు ఆమె దమ్ము లాగి, వేళ్లతో "ఒకటి" అని చూపించింది.

సలహాదారు దగ్గడం కూడా మరిచిపోయాడు.

"అమ్మా, అటు తిప్పి పెట్టుకున్నావేం?" అన్నాను నేను.

ఆమె వేప్ తీసి నా వైపు చూసింది. "తిప్పడమేటి బాబూ? ముట్టించిన కొసే కదా నోట్లో ఎట్టుకుంతారు? రెండో కొస ఎట్టుకుంటే మొగోల్లాగ ఉండదా?"

"ఇన్నాళ్లూ ఇలాగేనా?"

"అందరం ఇలాగే. సుట్ట కన్నా మంచిదే, నాలిక కాలదు. కాపోతే ఏటీ రాదు. సర్కారోల్లది కదా, రాకపోయినా మనకేటని ఊరుకున్నాం."

వరండాలోంచి తొంగిచూస్తున్న తక్కిన ముప్పై తొమ్మిది మందీ అవునవునన్నారు. డైరెక్టరుగారి మొహం చూసి నాకు మొదటిసారి ఆయన మీద జాలేసింది. ఇరవై ఏళ్ల పరిశోధనలో ఒక్క దమ్ము ఆవిరి కూడా ఎవరి నోట్లోకీ పోలేదు.

సలహాదారు తేరుకున్నాడు. "అటులైనచో ఆ మచ్చలు ఏల తగ్గినవి?" అని, తనిఖీకి పిలిపించిన హైమవతిగారిని అడిగాడు. జవాబు పోలమ్మే చెప్పింది.

"పొద్దున్న పదికి ఈ బల్ల మీద కూకోబెడతారు. సాయంత్రం ఐదుకి ఒదుల్తారు. ఈ గోడకీ ఆ గోడకీ పొగ తాగొద్దని రాసినారు, గేటుకాడ వాచ్‌మేన్ బాబు కాపలా. ఇంటికెల్లీసరికి ఒళ్లు పులిసిపోయి నిద్దరొచ్చేస్తాది. పొద్దున్నే అంటిస్తే మీ ఊదుడు యంత్రం పట్టీసుకుంటాదని బయ్యం. సుట్ట ఎప్పుడు కాల్సమంటారు? మొదటి నెల సచ్చిపోయినాం బాబూ. తరవాత్తరవాత అలవాటైపోనాది."

నిజం, మా ఆఫీసు వరండాలో, మా బల్ల మీద, ఆర్నెల్లు కూర్చుని ఉంది. నేను గబగబా చెప్పాను, "సార్, ఇదే ఫలితం. ఇదే రాయాలి. వీళ్లచేత మాన్పించింది వరండా."

"సదరు వరండా మన పరిశోధన పరిధిలో లేదు" అన్నారు డైరెక్టరుగారు.

సలహాదారు ఒప్పుకున్నాడు. వరండా మాన్పించిందని శాస్త్రీయంగా అనాలంటే, వరండాలో కూర్చోని నలభై మంది కూడా ఉండాలన్నాడు. వాళ్లను చుట్ట కాల్చుకోమని వదిలేస్తే నైతిక సంఘం ఊరుకోదన్నాడు. కనక వరండా గురించి ఏమీ తెలియనట్టే. ప్రయోగ విధానాన్ని పాటించనందున నలభై మందినీ పరిశోధన నుంచి తొలగించారు. తొలగించాక మిగిలింది సున్నా మంది. సున్నా మందిలో ఎవరికీ ఏ హానీ, ఏ మేలూ కనబడలేదు కాబట్టి, తుది నివేదికలో మరింత పరిశోధన అవసరమని రాశారు. చట్టానికి ఇబ్బంది రాలేదు. డైరెక్టరుగారికీ ఇబ్బంది రాలేదు. వేపుల పెట్టె తిరిగి ఇచ్చేశాక జీపు ఆగింది.

ఏప్రిల్ రెండున పొద్దున్న పది గంటలకి పోలమ్మ నా బల్ల ముందు నిలబడి ఉంది.

"ఏమ్మా, ప్రాజెక్టు అయిపోయింది కదా?"

"అయిపోనాది బాబూ. డాట్రమ్మ సెప్పినాది, ఇంకో ఆర్నెల్లు సుట్ట ముట్టకపోతే మచ్చ పోతాదంట, ముడితే మల్లీ మొదటికొచ్చీస్తాదంట." గొంతు తగ్గించింది. "నిన్న ఇంటికాడ కూకున్నాను. మజ్జేన్నానికి సుట్ట సేతిలోకొచ్చీసినాది. ఎప్పుడు తీసినానో నాకే తెలీదు. అంటించనేదు. నిన్నటికి అంటించనేదు, అంతే. ఈ బల్ల మీద కూకుంతాను బాబూ. పులిహోర ఒద్దు. ఉత్తినే కూకుంతాను."

ఆమె చెయ్యి కొంగు కొసని మెలిపెడుతూనే ఉంది. కూర్చోమనడానికి నాకు అధికారం లేదు. ప్రాజెక్టు ముగిసిన రోజే డైరెక్టరుగారు గోడకి కొత్త ఉత్తర్వు అంటించారు. కార్యాలయములో పని పెండింగ్ ఉన్నవారు తప్ప ఇతరులు వరండాలో కూర్చొనరాదు.

నేను ఆ ఉత్తర్వు రెండుసార్లు చదివాను.

"నీకు మా ఆఫీసులో ఏదైనా పని పెండింగ్ ఉందా పోలమ్మా?" అన్నాను.

ఆమె ఆలోచించింది. "నా నోటి రిపోర్టు నాకివ్వనేదు కదా."

అది నా సొరుగులోనే ఉంది. సంతకం, ముద్ర అన్నీ అయి ఉంది. "అవును, ఇవ్వలేదు. ఇంకా తయారవలేదు. అక్కడ కూర్చో, చూద్దాం" అన్నాను.

ఆమె బల్ల మీద కూర్చుంది. సాయంత్రం ఐదయ్యాక నా దగ్గరికి వచ్చింది.

"సంతకం కాలేదమ్మా. రేపు రా" అన్నాను.

పంతొమ్మిదేళ్లలో ఆ మాట ఎన్ని వేలసార్లు అన్నానో లెక్క లేదు. పెన్షనర్లతో అన్నాను, కాంట్రాక్టర్లతో అన్నాను, ఒకసారి పరధ్యానంలో మా ఆవిడతో కూడా అన్నాను. విన్నవాళ్లెవరూ సంతోషించిన గుర్తు లేదు. పోలమ్మ మాత్రం రెండు చేతులూ జోడించి వెళ్లింది. మర్నాడు ఆమెతో పదకొండు మంది వచ్చారు. వారం తిరిగేసరికి నలభై మందీ రిపోర్టుల కోసం వచ్చేశారు. నేను అందరికీ అదే చెప్పాను. ఐదయ్యేసరికి, "రేపు రండి."

మూడు నెలలకి డైరెక్టరుగారికి అనుమానం వచ్చింది. నలభై రిపోర్టులు ఇంత కాలం ఎందుకు జాప్యమవుతున్నాయో మూడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మని మెమో ఇచ్చారు. మరింత పరిశీలన అవసరమని జవాబిచ్చాను. మా సంస్థలో ఆ వాక్యాన్ని ఎదిరించగలిగినవాడు ఇంకా పుట్టలేదు. ఆయన ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి, ఫైలు మూసేశారు. నా సర్వీసు రిజిస్టర్‌లో మాత్రం జాప్యశీలి అని ఇంకో మాట చేరింది. రాసుకోనీ అనుకున్నాను.

అక్టోబరు మొదటివారంలో హైమవతిగారు వచ్చి పోలమ్మ నోట్లో దీపం వేసి చూశారు. చాలాసేపు చూశారు. తరవాత నా బల్ల మీద ఒక చీటీ పెట్టి, నవ్వుతూ వెళ్లారు. నేను సొరుగులోంచి రిపోర్టు తీసి, ఆ చీటీ దానికి జతచేసి, పోలమ్మను పిలిచాను.

"ఇదుగో నీ రిపోర్టు. తయారైంది."

"సదవండి బాబూ."

"అంగిలి మామూలుగా ఉంది. మచ్చ లేదు. కోత అవసరం లేదు."

"మల్లీ సదవండి."

మళ్లీ చదివాను. ఆమె కళ్లు తుడుచుకుంది. తరవాత వరండాలోకి నాలుగడుగులు వేసి, నడుం మీద చెయ్యి పెట్టి, గొంతెత్తి చేపలమ్మే కేక ఒక్కటి పెట్టింది. "నెత్తళ్లో... వంజరాలో..." పదకొండు 'పొగ తాగరాదు' బోర్డులూ అదిరాయి. డైరెక్టరుగారు గదిలోంచి బయటికి వచ్చి, ఎవరేం అమ్ముతున్నారో తెలియక నిలబడిపోయారు. బల్లల మీదున్నవాళ్లు పకపకా నవ్వారు. నాకూ నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

పోలమ్మ తిరిగి నా దగ్గరికొచ్చింది. చేతిలో కాగితాన్ని రెండు మడతలు పెట్టింది. చేతులు చూసుకుంది. ఆ కాగితాన్ని మళ్లీ నా బల్ల మీదే పెట్టి, నావైపు జరిపింది.

"ఇదేమిటమ్మా, ఏడాదిగా దీనికోసమే కదా తిరిగావు?"

"సంతకం సరిగ్గా పడనేదు బాబూ" అంది. "మీ కాడే ఉంచండి. రేపొత్తాను."